ఎవరూ అడ్డుపడని పాఠం

ఆన్‌లైన్ పాఠాలు నాకు నచ్చాయి. ఈ మాట స్టాఫ్‌రూమ్‌లో ఇంతవరకూ అనలేదు. 2020లో, 2021లో మా విశ్వవిద్యాలయంలో ఎవరిని కదిపినా ఒకటే గోడు. పిల్లలు వింటున్నారో లేదో తెలీదు, ఎవరి ముఖమూ కనబడదు, నల్లటి గడులతో మాట్లాడి మాట్లాడి విసుగొస్తోంది అనేవారు. నేనూ తల ఊపేవాణ్ని, నా వంతు నిట్టూర్పు నేనూ విడిచేవాణ్ని. లోపల సంగతి వేరు. పాఠం ముగించి ల్యాప్‌టాప్ మూసేటప్పుడు నాకు తృప్తిగా ఉండేది. అనుకున్నది అనుకున్నట్టు చెప్పగలిగాను, సిలబస్ లెక్క ప్రకారం సాగుతోంది, గొంతు కూడా బాగానే పలికింది అనుకునేవాణ్ని. అందరికీ చేదైనది నాకెందుకు రుచించిందో అప్పట్లో ఆలోచించలేదు. తరగతి గదికి తిరిగొచ్చి చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా ఆలోచించాల్సి వస్తోంది. ఆలోచించక తప్పని కారణం ఒకటుంది. ఈ రోజుకీ పెద్ద వాన పడినా, బంద్ పిలుపొచ్చినా, నాకు ఊరి ప్రయాణం తగిలినా, మొదట తోచే మాట ఒకటే: లింక్ పంపేద్దాం.

నేను ఎమ్మెస్సీ విద్యార్థులకు క్వాంటమ్ మెకానిక్స్ చెబుతాను. తరగతి గదిలో ఈ పాఠం ఎప్పుడూ నేను గీసుకున్న దారిన నడవదు. పర్టర్బేషన్ థియరీ సంగతే చూడండి. ఒక వ్యవస్థను కొద్దిగా కదిలిస్తే దాని శక్తి స్థాయులు ఎంత మారతాయో లెక్కగట్టే పద్ధతి అది. సూత్రంలో హారం దగ్గర రెండు శక్తి స్థాయుల తేడా ఉంటుంది. ఆ రెండు స్థాయులూ సమానమైతే హారం సున్నా అవుతుంది, సూత్రం పనికిరాకుండా పోతుంది. బోర్డు మీద నేను ఆ మెట్టుకు చేరకముందే మధ్య వరసలో ఎవరివో కనుబొమలు ముడిపడతాయి. చూడనట్టు నటించినా లాభం ఉండదు. పక్కవాడితో గుసగుస మొదలవుతుంది, వెనక బెంచీకి పాకుతుంది, చివరికి ఒకడు లేచి "డినామినేటర్ జీరో అయిపోతుంది కదా సార్" అంటాడు. దాంతో ఆ రోజు ప్రణాళిక తలకిందులవుతుంది. రెండు మెట్లు వెనక్కి వెళ్లాలి. సమాన శక్తి ఉన్న స్థితులను ముందు వేరుగా తీసుకుని వాటి సంగతి ఎలా తేల్చాలో చెప్పాలి. వాళ్లకు అది ఎక్కేసరికి గంట అయిపోతుంది.

ఆన్‌లైన్‌లో ఆ మెట్టు దగ్గర నన్నెవరూ ఆపలేదు. స్లైడు మారింది. జవాబు తరువాతి స్లైడులో సిద్ధంగా ఉంది. ప్రశ్న ఎవరికీ పుట్టకముందే జవాబు వచ్చి కూర్చుంది. నాకు నచ్చింది సరిగ్గా ఇదే. తరగతి గదిలో పాఠం నాదీ వాళ్లదీ; తెర మీద మాత్రం అది పూర్తిగా నాది. పైగా తెర పైమూల బటన్ ఒకటి ఉండేది, 'మ్యూట్ ఆల్' అని. ఎంత కఠినమైన మేష్టరుకైనా ఏ కాలంలోనూ దొరకని అధికారం అది. ఒక్క వేలితో అరవై గొంతులు ఆగిపోతాయి. వెనక నుంచి వచ్చే శబ్దాలు తగ్గడానికే అది నొక్కుతున్నానని అందరికీ చెప్పేవాణ్ని. అదీ నిజమే. నొక్కాక కలిగే హాయి మాత్రం శబ్దం తగ్గినందుకు మాత్రమే కలిగేది కాదని నాకు తెలుసు.

ఆ రోజుల తొందరలో ఈ సంగతులు గమనించే తీరిక లేని మాట వాస్తవమే. 2020 మార్చి నెలాఖరులో దేశమంతా లాక్‌డౌన్ పడింది. జూమ్ కంపెనీ లెక్కల్లో 2019 డిసెంబరులో రోజుకు కోటి దాకా ఉన్న మీటింగ్ హాజరు 2020 ఏప్రిల్ నాటికి ముప్పై కోట్లకు చేరింది. ఒకే మనిషి రోజుకు నాలుగు మీటింగుల్లో కూర్చుంటే నాలుగుగా లెక్కపడే అంకె అది. అయినా ఆ పెరుగుదల చిన్నదేమీ కాదు. ఎవరెవరో చొరబడి క్లాసులు పాడుచేస్తున్న ఆ నెలలోనే, జూమ్ సురక్షితం కాదని కేంద్ర హోం శాఖ హెచ్చరిక ఇచ్చింది. కొందరం గూగుల్ మీట్‌కు మారాం, కొందరు టీమ్స్ పట్టుకున్నారు. జూమ్ ఉచిత ఖాతాలో నలభై నిమిషాలకే మీటింగు తెగిపోతే మళ్లీ కొత్త లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లం. సగం మంది రెండో లింకుకు వచ్చేవారు కాదు. రానివాళ్లను సోమరులనే అనుకున్నాం.

నిజానికి తెర మీది చదువు మనకు కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపింది. సైట్ ప్రయోగం అని దానికి పేరు. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి, వాటికి తెలుగులోనే కార్యక్రమాలు వచ్చేవి. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో వెలిసింది. నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1984లో యూజీసీ దూరదర్శన్‌లో కళాశాల పాఠాలు మొదలుపెట్టింది. 2004 సెప్టెంబరులో చదువు కోసమే తయారైన ఎడ్యుశాట్ మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఈ ప్రయత్నాల్లో ఎక్కువ భాగం పైనుంచి కిందికే నడిచాయి. చెప్పేవాడు స్టూడియోలో ఉంటాడు, వినేవాడు ఊళ్లో ఉంటాడు. వినేవాడికి సందేహం వస్తే ఉత్తరం రాసుకోవాలి, లేదా కాంటాక్ట్ క్లాసు దాకా ఆగాలి. ఆ పద్ధతికి అది పరిమితి అని అందరికీ తెలుసు, ఎవరూ దాచలేదు.

ఆ పరిమితిని దాటించగల కొత్త సాధనాలు తరువాత పుట్టాయి. వాటిలో కొన్ని విశ్వవిద్యాలయాల్లోనే పుట్టాయి కూడా. జిట్సీ అనే వీడియో మీటింగు సాధనానికి మూలమైన ప్రోగ్రామును 2003లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి రాశాడు. బిగ్‌బ్లూబటన్ 2007లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పాఠాల కోసమే మొదలైంది. చెయ్యెత్తడానికి గుర్తు, రాసుకోవడానికి అందరికీ ఉమ్మడి బోర్డు, చిన్న చిన్న గుంపులుగా విడిపోయే గదులు, అన్నీ అందులో పెట్టారు. అంటే రెండు వైపులా మాట నడిచే ఏర్పాటు నా చేతికి వచ్చింది. నేను దాన్ని 1975 నాటి టీవీలాగే వాడుకున్నాను. వాడుకోవడం తెలియక కాదు. ఆ గుంపుల గదులు ఎలా తెరవాలో మా విభాగంలో మిగతావాళ్లకు నేర్పింది నేనే. నా పాఠంలో తెరవాలని మాత్రం నాకు అనిపించలేదు.

పిల్లలు ఎందుకు మాట్లాడరు అన్న ప్రశ్నకు అప్పట్లో నా దగ్గర రెడీమేడ్ జవాబుండేది: శ్రద్ధ లేదు. తరువాత చదివిన కొన్ని విషయాలు ఆ జవాబును నిలవనివ్వలేదు. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకరి మాట ముగిశాక మరొకరు అందుకోవడానికి సగటున పట్టే సమయం సెకనులో ఐదో వంతు. మనుషులు మాటను అంత ఒడుపుగా అందుకుంటారు. గొంతులో చిన్న జారుడు, ఊపిరి తీసుకున్న చప్పుడు, కొద్దిగా పైకి లేచిన గడ్డం చూసి ఇప్పుడు నా వంతు అని పసిగడతారు. ఫోను మాట సాఫీగా సాగాలంటే ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఏనాడో చెప్పింది. ఊరి టవరు మీద, అందరూ ఒకేసారి నెట్ వాడే ఉదయం పూట, ఆ హద్దు నిలవడం కష్టం. దానికి తోడు ప్రతిధ్వని రాకుండా ఈ సాఫ్ట్‌వేర్లు చేసే ఏర్పాటులో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి గొంతు తరచుగా అణిగిపోతుంది. సాధారణంగా అణిగేది తక్కువ శబ్దం ఉన్న గొంతు. మైకు ముందు కూర్చున్న మేష్టరు గొంతు అణగడం అరుదు.

దీనికి ఇంకొక పాత సంగతి తోడైంది. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతారో కొలిచింది. సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవవుతాయని, అంతవరకూ నోరు విప్పనివాళ్లు కూడా విప్పుతారని ఆమె చూపించింది. ఇది చదివాక నా రికార్డింగులు పెట్టుకుని విన్నాను. "అర్థమైందా? ఏమైనా డౌట్సా? ఓకే." మూడు మాటలూ ఒకే ఊపిరిలో వచ్చాయి. అవతల ఉన్న పిల్లవాడికి నా ప్రశ్న చేరాలి, అడగాలా వద్దా అని వాడు తేల్చుకోవాలి, మ్యూట్ తియ్యాలి, వాడి గొంతు నాకు చేరాలి. ఈ నాలుగూ జరిగేలోపు నేను తరువాతి స్లైడులో ఉన్నాను. తరగతి గదిలోనూ నేను అలాగే ఒకే ఊపిరిలో అడుగుతాను. అక్కడ వాళ్ల కనుబొమలు, గుసగుసలు నన్ను బలవంతంగా ఆపుతాయి కాబట్టి తేడా తెలియదు. ఆగడం నా గుణమని ఇన్నేళ్లూ అనుకున్నాను. అది వాళ్లు నాతో చేయించిన పని.

2021లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ వీడియో మీటింగుల అలసటకు నాలుగు కారణాలు రాశాడు. అన్ని ముఖాలూ అతి దగ్గరగా మనల్నే చూస్తున్నట్టుండటం, మన ముఖమే మనకు గంటల తరబడి కనబడటం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, సైగలను పంపడానికీ పట్టుకోవడానికీ బుర్ర అదనంగా శ్రమపడటం. ఇందులో మొదటిది నన్ను బాధించలేదు, నా ముందు ముఖాలే లేవు. రెండోది బాధించలేదు సరికదా, బాగుండేది. పాఠం చెబుతూ తెర మూలన నా చిన్న బొమ్మను చూసుకునేవాణ్ని. తల ఎటు తిప్పితే బాగుంటుంది, చెయ్యి ఎత్తినప్పుడు ఎలా కనిపిస్తున్నాను అని గమనించేవాణ్ని. తరగతి గదిలో ఇన్నేళ్లుగా చూడని మనిషిని చూస్తున్నట్టుండేది. ఎదురుగా ఉండాల్సిన అరవై ముఖాల చోట నా ముఖం ఒక్కటి మిగిలింది, నేను దానికే పాఠం చెప్పాను.

ఈ సుఖం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి. నా ఇంట్లో నాకో గది ఉంది, దానికి తలుపు ఉంది. క్లాసు వేళకు కుక్కర్ పెట్టకుండా, టీవీ వెయ్యకుండా ఇంట్లోవాళ్లు సర్దుకున్నారు. నేను మాట్లాడే గంటంతా ఇల్లు గొంతు తగ్గించుకుంది. నా విద్యార్థుల్లో ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు గ్రామాల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. కంప్యూటర్ ఉన్న కుటుంబాలు గ్రామాల్లో 4.4 శాతం. ఆ తరువాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంటికి ఒక్క స్మార్ట్‌ఫోన్ ఉండి, దానికోసం డిగ్రీ చదివే చెల్లెలూ ఎమ్మెస్సీ చదివే అన్నా వంతులేసుకుంటే, పొద్దున్న క్లాసు ఇద్దరిలో ఒకరికి పోతుంది. ఫోను నాన్న జేబులో పొలానికి పోతే ఇద్దరికీ పోతుంది. ఐదంగుళాల తెర మీద నా స్లైడులోని సమీకరణాల్లో పై అంకెలు, కింది అంకెలు కనబడవు. మాట ఒక్కటే పంపితే సెకనుకు వంద కిలోబిట్ల లోపే సరిపోతుంది, బొమ్మకు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఈ లెక్క భౌతికశాస్త్రం చెప్పే నాకు తెలియనిది కాదు. అయినా నా బొమ్మ ఆపలేదు.

విద్యార్థులు కెమెరాలు తెరిచి ఉంచాల్సిందే అని నిబంధన తేవాలని మా విభాగంలో చర్చ వచ్చింది. హాజరు వేయించుకుని నిద్రపోతున్నారని కొందరి ఆరోపణ. ఆ రోజు నేను అటూ ఇటూ చెప్పలేదు. నా పాఠం చెప్పడానికి వాళ్ల ముఖాలు నాకు అవసరమని గట్టిగా అనిపించలేదు, వద్దనడానికి కారణమూ వెతకలేదు. చివరికి ఆ నిబంధన దానంతటదే పక్కకు పోయింది.

న్యాయంగా రెండో పక్కా చెప్పాలి. మాట రాని చోట రాత వచ్చింది. రెండేళ్లలో ఒక్కసారీ తరగతిలో నోరు విప్పని అమ్మాయిలు చాట్‌లో నాకు విడిగా ప్రశ్నలు పంపేవారు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, మధ్యలో సమీకరణం ముక్క, చివర 'సారీ సార్'. ఆ ప్రశ్నలు చాలా మంచివి. నలుగురిలో లేచి నిలబడి, తడబడే ఇంగ్లిష్‌లో, మగపిల్లల నవ్వు వినబడే గదిలో అడగలేనిది అక్కడ అడగగలిగారు. తరగతి గదిలో నన్ను ఆపేవాళ్లు ఎప్పుడూ ఆ నలుగురైదుగురే అని, మిగతావాళ్ల కనుబొమలను కూడా ఆ నలుగురే నాకు చేరవేస్తున్నారని దీనివల్లే తెలిసింది. కాబట్టి గది మంచిది, తెర చెడ్డది అని నేను తేల్చలేను. రెండు చోట్లా కొందరికి దారి ఉంది, కొందరికి లేదు. ఎవరికి లేదన్నదే మారుతుంది.

ఇది నాకు పుస్తకాల వల్ల పూర్తిగా తెలియలేదు. నేను అవతలి కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆ కుర్చీ నాకు దొరికింది పరిశోధన మీటింగుల్లో. పరిశోధనకు ఈ సాధనాలు చేసిన మేలు చిన్నది కాదు. కణ భౌతికశాస్త్రం వాళ్లు 1990లలోనే, కాల్టెక్, సెర్న్ కలిసి నడిపిన వీడియో ఏర్పాటుతో ఖండాల మధ్య మీటింగులు పెట్టుకున్నారు. 2016లో గురుత్వ తరంగాల ఆవిష్కరణను ప్రకటించిన పత్రానికి వెయ్యి మందికి పైగా రచయితలున్నారు. అంతమంది ఒక హాలులో కూర్చుని రాసిన పత్రం కాదు అది. మాలాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల వాళ్లకు ఇది 2020 తరువాతే అందింది. అంతకుముందు ఒక సెమినార్ వినాలంటే విమానం ఖర్చు, వీసా, సెలవు మంజూరు, ఆ తరువాత బిల్లుల కోసం ఆఫీసు చుట్టూ తిరగడం. 2020లో ఎంఐటీ గణితజ్ఞులు కొందరు ప్రపంచంలో ఎక్కడ ఏ ఆన్‌లైన్ సెమినార్ జరుగుతోందో ఒకేచోట చూపే జాబితా మొదలుపెట్టారు. మా ఊరి నుంచి కదలకుండా నేను విన్న ఉపన్యాసాలు అంతకుముందు ఏళ్లలో విన్నవాటికంటే ఎక్కువ. అదే ఏడాది ఏప్రిల్‌లో పీహెచ్‌డీ వైవాలు వీడియోలో జరుపుకోవచ్చని యూజీసీ అనుమతించింది. బయటి పరీక్షకుడి తేదీ కోసం నెలల తరబడి కాచుకున్న పిల్లలకు అది పెద్ద ఊరట.

నెదర్లాండ్స్‌లో ఉన్న నా పాత సహాధ్యాయితో కలిసి పని చేస్తున్నాను. వేసవిలో మాకు మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. కాల్ పెట్టుకుని ఇద్దరం ఎవరి కాగితం మీద వాళ్లం లెక్క చేసుకుంటాం. పావుగంట ఎవరూ మాట్లాడకపోయినా ఇబ్బంది ఉండదు. ఉన్నట్టుండి వాడు "ఒరే, ఆగాగు, ఆ మైనస్ ఎక్కణ్నుంచి వచ్చిందిరా?" అంటాడు. నెట్ ఆలస్యం వాడికి అడ్డు రాదు, నా మాట మీద మాట పడితే ఎవరికీ నామోషీ లేదు. అదే సాధనం, అదే నెట్. నా పాఠంలో జరగనిది ఇక్కడ ఎందుకు జరుగుతుంది? ఒరే అనుకోగల చనువుంది కాబట్టి.

వాడి ద్వారా ఒక పెద్ద బృందంలో చేరాను. ఇరవై మంది దాకా ఉంటారు, ఎక్కువమంది యూరప్ వాళ్లు. అక్కడ నేనే నల్లటి గడిని. కెమెరా ఎందుకు ఆపానంటే నా వెనక గోడ పెచ్చులూడి ఉంది, వాళ్ల వెనక పుస్తకాల బీరువాలున్నాయి. వాళ్ల ఇంగ్లిష్ వేగం నాకు అందేది, కానీ చెప్పదలచుకున్న వాక్యం మనసులో పేర్చుకునేసరికి చర్చ మరో మలుపు తిరిగేది. అందరూ నవ్వినచోట ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలిసేది కాదు. అధ్యక్షత వహించినాయన చివర్లో ప్రశ్నలున్నాయా అని అడిగేవాడు. ఒక సెకను ఆగి సరేనని ముగించేవాడు. నాకు ప్రశ్న ఉండేది. ఒకసారి వాళ్లు చెబుతున్న లెక్కలో నేను పాతికేళ్లుగా పాఠం చెబుతున్న సంగతే తేడాగా ఉంది. మ్యూట్ బటన్ మీద వేలు పెట్టాను, తీశాను. బయట నుంచి చూసేవాడికి నేను శ్రద్ధ లేనివాణ్నే.

కొన్నాళ్లకు ఆ మీటింగు నడిపే పని మరొకావిడ తీసుకున్నారు. ఆవిడ చేసిన మార్పులు చిన్నవి. ముందురోజే అందరూ తెరిచి రాయగల ఒక పత్రం పంపేవారు, ఎవరి ప్రశ్న వాళ్లు పేరుతోనో పేరు లేకుండానో అందులో రాసి పెట్టవచ్చు. చర్చ ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టేవారు, పెద్దవాళ్లు ఆఖర్న. పేరు పిలిచి ఊరుకునేవారు, ఆ ఊరుకోవడం మాకు ఇబ్బందిగా ఉండేంతసేపు ఊరుకునేవారు. నేను మాట్లాడాను. నా ఇంగ్లిష్ మారలేదు, నెట్ మారలేదు, గోడ పెచ్చులు అలాగే ఉన్నాయి. అంతకుముందు నేను మాట్లాడనందుకు కారణం నా దగ్గర లేదని అర్థమైంది. నా అరవై మంది విషయంలోనూ కారణం ఎవరి దగ్గరుందో ఆ రోజే తేలిపోయింది.

ఈ సాధనాలు మనుషుల మధ్య ఉన్న సంబంధాన్ని మార్చవు, ఉన్నదాన్నే గట్టిపరుస్తాయి అన్నది నేను చేరిన నిర్ణయం. ఒకరినొకరు ఆపగల స్నేహితులు తెర మీద కూడా ఆపుకుంటారు. పైవాడు చెప్పడం, కిందివాడు వినడం అలవాటైన చోట తెర ఆ అలవాటుకు ఇనుప చట్రం బిగిస్తుంది. గదిలోనైతే కనుబొమలకూ గుసగుసలకూ సందు దొరుకుతుంది, తెర ఆ సందును కూడా మూసేస్తుంది. నాకు ఆన్‌లైన్ నచ్చిందంటే, ఆ సందు మూసుకుపోవడం నచ్చింది. ఇది ఒప్పుకోవడం సుఖంగా లేదు. నేను ప్రశ్నలను ఇష్టపడే మేష్టరునని నాకూ, నా విద్యార్థులకూ ఒక నమ్మకం. ప్రశ్నలు రాని కాలం వచ్చినప్పుడు నాకు వెలితి అనిపించలేదు. నా ఇష్టం ఎంతటిదో దాన్నిబట్టే కొలుచుకోవాలి.

2021లో యూజీసీ ప్రతి కోర్సులో నలభై శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పవచ్చన్న ప్రతిపాదనను చర్చకు పెట్టింది. గది, తెర రెండూ కలిసిన చదువు ఇక పోయేది కాదు, పోవాలని నేనూ కోరుకోను. అయితే లింక్ పంపేద్దాం అని తోచినప్పుడల్లా అది ఎవరి వీలు కోసమని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. చాలాసార్లు జవాబు నా వీలే. అప్పుడు మానుకుంటాను, క్లాసు మరో రోజుకు మారుస్తాను. నిజంగా అవసరమైనప్పుడు పద్ధతి మారుస్తాను. చెప్పాల్సిన భాగాన్ని చిన్న చిన్న ఆడియో ముక్కలుగా, కాగితం మీద చేత్తో రాసిన లెక్క ఫొటోలతో ముందే పంపుతాను. తక్కువ డేటాలో దిగుతుంది, ఫోను ఖాళీ అయినప్పుడు వింటారు. కలిసి కూర్చునే సమయాన్ని ప్రశ్నలకే ఉంచుతాను. అరవై మందిని ఒకేసారి పిలవను, పదేసి మంది చొప్పున పిలుస్తాను. నా వీడియో ఆపేస్తాను. చాట్‌లో తెలుగులో రాసినా సరేనని మొదటే చెబుతాను. ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుంటాను. ఏడు దగ్గరికొచ్చేసరికి నోరు ఊరుకోదు, అదింకా నా చేతికి రాలేదు.

నాతోటి అధ్యాపకులను కోరేది ఒక్కటే. లింక్ పంపే ముందు, ఈ గంటలో నన్ను మధ్యలో ఆపగలిగేవాళ్లు ఎవరున్నారు అని ఒకసారి లెక్కేసుకోండి. పేర్లతో లెక్కేసుకోండి. ఒక్క పేరూ తట్టకపోతే ఆ పాఠాన్ని రికార్డు చేసి పంపండి, పిల్లలు నెట్ ఉన్నప్పుడు చూసుకుంటారు. దాన్ని క్లాసు అని మాత్రం హాజరు పట్టీలో రాయకండి.